మొదటి సాలార్‌జంగు

సింహాసనము, సైన్యము, కోటలు ఇవియే రాజ్యమని తలంచు కాలమున, వేళకు అందు జీతము, సరియైన లెక్క, శుభ్రమైన వీధి కూడ రాజ్యాంగములేయని గ్రహించిన మంత్రి మొదటి సాలార్‌జంగు. హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలను చూచినవారు ఆ వస్తువులన్నియు ఈయన కూర్చినవేయని భ్రమపడుదురు. వానిలో పెక్కింటిని సేకరించినవాడు ఈయన మనుమడు, మూడవ సాలార్‌జంగు. తాత మిగిల్చిపోయినది కొలువుల కట్టుబాటు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాను. 1829 జనవరి 21న జన్మించెను. అది దివానుల వంశము. నగరమునకు నీరొసగుటకై మీర్ ఆలం చెరువు నిర్మింపించిన మీర్ ఆలం, ఆయన తాతయగు మునీరుల్‌ముల్కునకు పిల్లనిచ్చిన మామ. బాల్యముననే తండ్రి గతింపగా తురాబ్ అలీ బంధువుల సంరక్షణమున పెరిగెను. తండ్రి సోదరుడైన సిరాజుల్‌ముల్కు దివానుగా నుండి, 1853 మే నెలలో బీరారును ఆంగ్లేయుల కప్పగించు సంధి జరిగిన కొలదిదినములకే మరణించెను. ఆ నెల చివరనే, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, తురాబ్ అలీ దివానుగిరిని స్వీకరించెను.

అప్పటికి ఖజానా శూన్యము. అప్పులకై తాలూకాలు సాహుకారుల చేతులలోను, జీతపు బాకీలకై కొన్ని అరబ్బు జమేదారుల చేతులలోను చిక్కియుండెను. శిస్తు వసూలు గుత్తకు సాగుచుండెను. గుత్త పొందినవాడే తాలూక్‌దారు. అతడు సర్కారునకు ఒప్పుకొన్న మొత్తము చెల్లించి, రైతునుండి లాగగలిగినంత లాగుచుండెను. తన గుత్త వచ్చు సంవత్సరమున నిలుచునో లేదో యెరుగనివాడు చెరువుకట్టను గూర్చి ఏల చింతించును?

సాలార్‌జంగు ఈ వేరునే పట్టి పెరుకుటకు పూనెను. కుదువపడిన తాలూకాలను క్రమముగా విడిపించి, గుత్తదారులను తొలగించి, వారి స్థానమున జీతపు ఉద్యోగులను నియమించెను. 1865లో జిల్లాబందీ జరిగెను. రాజ్యమంతయు జిల్లాలుగా, తాలూకాలుగా విభక్తమయ్యెను. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్‌దారు ఏర్పడిరి. తాలూక్‌దారు అను పేరు నిలిచినది గాని, దాని అర్థము మారినది. పూర్వపు తాలూక్‌దారు రైతు ధాన్యముపై బ్రతికెను, క్రొత్త తాలూక్‌దారు ఖజానా జీతముపై బ్రతుకుచు లెక్క యొప్పగింపవలసినవాడయ్యెను. మన ఎలగందుల జిల్లా ఈ ఏర్పాటులోనిదే. 1905లో దాని ముఖ్యస్థానము కరీంనగరునకు మారెను.

1868లో న్యాయము, మాల్‌గుజారి, పోలీసు, ఇతర శాఖలు అని నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క దానికి ఒక సదరుల్‌మహామును నియమించెను. మరుసటి సంవత్సరము, 1869లో, నగరపు వంతు వచ్చెను. హైదరాబాదు నగరము నాలుగు భాగములుగను, మూసీకి ఆవలి చాదర్‌ఘాటు శివారు అయిదు భాగములుగను విభజింపబడెను. పురపాలనమునకును బాటల మరమ్మతునకును ప్రత్యేకశాఖ ఏర్పడెను. అంతవరకు దొంగలను పట్టుటయే ముఖ్యమైన నగరాధికారమునకు చెత్తను ఎత్తించుటయు, బాట బాగుచేయించుటయు విధులయ్యెను. 1874లో పొగబండి హైదరాబాదును చేరెను. 1876లో ఆయన ఐరోపా యాత్ర చేయగా లండను నగరము తన పౌరత్వమొసగి గౌరవించెను.

ఆయన పాలనలో లోపములు లేకపోలేదు. 1857లో తుర్రేబాజ్‌ఖాను ప్రభృతులు రెసిడెన్సీపై తిరుగబడినపుడు ఆయన ఆంగ్లేయుల పక్షము వహించెను. అట్లు చేసియు, జీవితాంతము కోరిన బీరారును తిరిగి పొందలేకపోయెను. కచేరీ భాష పారసీకముగనే యుండెను. తన భూమిని గూర్చిన కాగితమును తెలుగు రైతు మరియొకరిచే చదివించుకొనవలసి వచ్చెను. నగరపాలనలో ప్రజలెన్నుకొన్న సభ్యుడొక్కడును లేడు. పురపాలక సంస్థకు మొదటి ఎన్నికలు 1934లో గాని జరుగలేదు. మంచి దివాను దయవలన నడచు పాలన, ఆ దివాను లేనినాడు ఎవరికి జవాబు చెప్పును? ఈ ప్రశ్నకు ఆయన కట్టుబాటులో సమాధానము లేదు.

1883 ఫిబ్రవరి 8న ఆయన కలరా వ్యాధితో ఆకస్మికముగా మరణించెను. అప్పటికి వయస్సు ఏబదినాలుగేండ్లు. మూడు దశాబ్దములు రాజ్యమును నడపినవానిని అంగరక్షకులు గాని, హకీములు గాని రక్షింపలేకపోయిరి. మరుసటి సంవత్సరమే జర్మను వైద్యుడు రాబర్టు కోఖు కలకత్తాలో రోగుల పేగులయందును, చెరువునీటియందును కలరా క్రిమిని కనుగొనెను. 1908 నాటి మూసీ వరద పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియై నగరమునకు నీరొసగెను. నీరు మలినమైనచో ధనికుడు, దరిద్రుడు అను భేదము లేక అందరును ప్రమాదమున పడుదురు. కనుకనే పారిశుద్ధ్యమును ఎవరి ఇంటికి వారు చేసికొని నిశ్చింతగా నుండజాలరు. అది ఊరందరి పని.

మన హుస్నాబాదు 2016లో సిద్దిపేట జిల్లాలో చేరినది, నేడు పురపాలక సంఘమును కలిగియున్నది. జిల్లా పేర్లు మారును, ముఖ్యపట్టణములు మారును. ఉద్యోగి వేళకు జీతము పొంది, వేళకు లెక్క చూపి, కొళాయికి శుద్ధజలము, కాలువకు పారుదల కల్పించినపుడే ఏ పేరైనను సార్థకమగును. సాలార్‌జంగు మొదటి సగము నేర్పెను. ఆ లెక్కను అడిగి చూచు రెండవ సగము, నాడు ప్రజలకు లేని హక్కు, నేడు చదువుకొన్న పౌరుల కర్తవ్యమైనది.