మెత్తలు మోసిన ప్రొఫెసర్

నాన్నగారికి బదిలీ అయి కొత్త క్వార్టర్‌లో దిగిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సామాను లారీ ఇంకా రాదు, గదులన్నీ ఖాళీ. ఎవరినైనా పిలిస్తే గొంతు ఖంగుమంటుంది. సాయంత్రానికి పరుపులు, బట్టల మూటలు, కర్టెన్లు లోపలికి చేరాక గది అదే, గొంతూ అదే, కాని ఆ మోత మాత్రం ఉండదు. ఇలా ఎందుకు జరుగుతుందో, ఎంత జరుగుతుందో లెక్కగట్టి చెప్పిన మనిషి వాలెస్ క్లెమెంట్ సేబిన్. ఈనాడు రికార్డింగ్ స్టూడియో కట్టేవారు మొదట వేసుకునే లెక్క ఆయన ఇచ్చినదే.

సేబిన్ 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రిచ్‌వుడ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. 18 ఏళ్ళకే డిగ్రీ పూర్తి చేసి, పై చదువుకు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడే భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరాడు. డాక్టరేట్ మాత్రం ఎప్పుడూ చేయలేదు.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం అనే కొత్త భవనం తెరిచారు. అందులోని ఉపన్యాసశాల చూడటానికి బాగానే ఉంది, కాని పాఠం ఒక్క ముక్క అర్థం కాదు. ఉపాధ్యాయుడు పలికిన మాట దాదాపు 5.5 సెకన్ల పాటు గదిలోనే తిరుగుతూ ఉండేది. అంతలో ఆయన ఇంకో పది, పదిహేను మాటలు అనేసేవాడు. అన్నీ కలిసిపోయి గోల. మన పాఠ్యపుస్తకంలో దీన్నే ప్రతినాదం అంటారు. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ గదిని బాగుచేసే పని సేబిన్‌కు అప్పగించాడు. అప్పటికి ఆయన వయసు 27. శబ్దశాస్త్రంలో ప్రత్యేకంగా చేసిన పనేమీ లేదు.

అప్పట్లో ఇలాంటి గదులకు పైన తీగలు కట్టడంలాంటి చిట్కాలు వాడేవారు. ఎందుకు కడుతున్నారో ఎవరికీ తెలియదు. సేబిన్ చిట్కాల జోలికి పోలేదు, కొలవడం మొదలుపెట్టాడు. మైకులు, మీటర్లు లేని కాలం. ఆయన దగ్గర ఉన్నవి ఒక ఆర్గన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే ఒక యంత్రం, తన చెవి. గొట్టాన్ని మోగించి ఆపేయాలి, శబ్దం పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో కొలవాలి. పగలు వీధి చప్పుడు అడ్డం కనుక అర్ధరాత్రి నుంచి తెల్లవారే లోపు ఈ పని సాగేది.

దగ్గరలోనే శాండర్స్ థియేటర్ ఉంది. అక్కడి సీట్ల మీద మెత్తలు ఉండేవి. సేబిన్, ఆయన సహాయకులు రాత్రిపూట ఆ మెత్తలు మోసుకొచ్చి ఉపన్యాసశాలలో పరిచేవారు. కొన్ని పరచడం, కొలవడం, మరికొన్ని పరచడం, మళ్ళీ కొలవడం. తెల్లవారేలోగా అన్నీ తిరిగి థియేటర్‌లో సర్దేయాలి. సీట్ల మీద, నడవాల్లో, వేదిక మీద, వెనక గోడకు పైకప్పు దాకా మెత్తలు పేర్చాక ప్రతినాదం ఒక సెకను దరిదాపుల్లోకి వచ్చింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. ఒక దశలో కొలతలు ఒకదానితో ఒకటి సరిపోలేదు. వెతగ్గా వెతగ్గా తప్పు తన ఒంటి మీద బట్టల్లో దొరికింది. కోటు మారితే అది పీల్చుకునే శబ్దం కూడా మారుతుంది! అప్పటివరకు చేసిన 3000కు పైగా కొలతలను ఆయన పక్కన పడేశాడు, ఆ తరువాత ప్రయోగాలన్నింటికీ ఒకే జత బట్టలు వేసుకున్నాడు. ప్రాక్టికల్ రికార్డులో ఒక్క రీడింగ్ తేడా వస్తే రబ్బరు తీసే మనకు ఇది కాస్త గుచ్చుకునే విషయమే.

ఆయన ఎంచుకున్న కొలమానం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు. కనుక ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ పూర్తిగా పీల్చుకున్నట్టే. మెత్త ఎంత, తివాచీ ఎంత, కూర్చున్న మనిషి ఎంత అన్నది దీంతో పోల్చి చెప్పవచ్చు. అయినా రెండేళ్ళు దాటినా ఆయన ఇంకా కొలుస్తూనే ఉంటే ఎలియట్ విసిగిపోయి, ఉన్న సమాచారం చాలు, గది పని ముగించమన్నాడు. గోడలకు ఫెల్ట్ తొడిగాక ఆ గది పాఠానికి పనికొచ్చింది.

1898లో అంతకంటే పెద్ద పరీక్ష ఎదురైంది. బోస్టన్‌లో కొత్త సంగీతశాల కట్టబోతున్నారు, సలహా కావాలన్నారు. కట్టిన గదిని సరిచేయడం వేరు, కట్టని గది ఎలా వినిపిస్తుందో ముందే చెప్పడం వేరు. సేబిన్ వెంటనే ఒప్పుకోలేదు. ఆ అక్టోబరులో ఒక సాయంత్రం తన పాత కొలతలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, గీసిన వక్రరేఖ అతిపరావలయమని తట్టింది. పక్క గదిలో ఉన్న తల్లికే ఆ మాట మొదట కేకేసి చెప్పాడు. అంటే పీల్చుకునే శక్తిని, ప్రతినాద కాలాన్ని గుణిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య. ఆ సంఖ్య గది ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది.

బోస్టన్ శాలకు నమూనా జర్మనీలోని లైప్‌జిగ్ సంగీతశాల. దాని కొలతలన్నీ 1.3 రెట్లు పెంచితే ఘనపరిమాణం రెట్టింపు దాటుతుందని, ప్రతినాదం మూడు సెకన్లకు చేరుతుందని సేబిన్ లెక్క చూపించాడు. నమూనా మార్చారు. 1900 అక్టోబరు 15న శాల తెరిచినప్పుడు కొందరు విమర్శకులు పెదవి విరిచారు. నేడు ప్రపంచంలో బాగా వినిపించే శాలల్లో దాన్ని ముందు వరుసలో చెబుతారు.

ఆ సూత్రాన్ని మనమూ వాడి చూడవచ్చు. ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, మొత్తం శోషణతో భాగించాలి. స్టూడియో కోసం 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గది తీసుకుందాం. ఘనపరిమాణం 90, దాన్ని 0.16తో గుణిస్తే 14.4. గోడలు, నేల, పైకప్పు కలిపి 126 చదరపు మీటర్లు. ఉత్త ప్లాస్టరు నూటికి మూడు పాళ్ళు పీలుస్తుందనుకుంటే శోషణ 3.8కి మించదు. అంటే ప్రతినాదం దాదాపు 3.8 సెకన్లు. మాట రికార్డు చేయడానికి 0.4 సెకను కావాలంటే శోషణ 36 ఉండాలి. అందుకే స్టూడియో గోడలకు అన్ని మందపు ప్యానెళ్ళు బిగిస్తారు.

అయితే అవి పక్కింటి కుక్క అరుపును ఆపవు. చాలామంది పొరబడేది ఇక్కడే. గోడకు గుడ్ల అట్టలు అంటించి, బయటి చప్పుడు రాదనుకుంటారు. లోపలి మోత తగ్గించడం ఒక పని, గోడ దాటే శబ్దాన్ని ఆపడం ఇంకో పని. సేబిన్ 1915లో ఈ రెండోదాని గురించీ రాశాడు. ఫెల్ట్ పొరలు, ఇనుప రేకులు అమర్చి, వాటిని దాటి ఎంత శబ్దం వస్తుందో కొలిచాడు. ఒక్క ఫెల్ట్ వల్ల లాభం తక్కువ, బరువైన పొరలను ఒకదాన్నొకటి తాకకుండా ఎడంగా నిలిపితే ఫలితం ఎక్కువ. స్టూడియోల్లో జంట గోడలు, జంట తలుపులు పెట్టేది ఇందుకే. తలుపు కింద చిన్న సందు వదిలితే ఆ ఖర్చంతా దండగ.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన ఫ్రాన్స్ వెళ్ళాడు. తిరిగి వచ్చాక వాషింగ్టన్‌లో విమానాలకు సంబంధించిన ప్రభుత్వ పని చేస్తూనే హార్వర్డ్‌లో పాఠాలూ చెప్పాడు. మూత్రపిండాల జబ్బుకు ఆపరేషన్ అవసరమైనా పని ఉందని వాయిదా వేశాడు. 1919 జనవరి 10న కన్నుమూశాడు. అప్పటికి 50 ఏళ్ళు. శబ్దశోషణకు ప్రమాణంగా నేడు వాడే సేబిన్ ఆయన పేరే.

ఆయన పరిశోధన కోసమే షికాగో దగ్గర జెనీవా అనే ఊళ్ళో జార్జ్ ఫేబియన్ అనే ధనికుడు రివర్‌బ్యాంక్ ప్రయోగశాల కట్టించాడు. ప్రతినాదం కొలిచే గది సిద్ధమైంది, అందులో పనిచేయడానికి సేబిన్ లేడు. ఆయన దూరపు బంధువు పాల్ సేబిన్ వచ్చి ఆ పని అందుకున్నాడు. భవనాలకు వాడే సామగ్రి ఎంత శబ్దం పీలుస్తుందో, ఎంత ఆపుతుందో ఆ ప్రయోగశాల తరవాతి దశాబ్దాల్లోనూ పరీక్షిస్తూనే వచ్చింది.