స్ప్రింగు సూత్రకర్త రాబర్టు హుక్

స్ప్రింగుకు బరువులు తగిలించి, సాగిన పొడవును కొలిచి పట్టిక వ్రాసుకొనుట ఉన్నత పాఠశాల విద్యార్థులందరు ఎరిగిన ప్రయోగమే. బరువు రెట్టింపయితే సాగుదల కూడ రెట్టింపగునని తేలగానే, హుక్ సూత్రము ఋజువైనదని వ్రాసి పుస్తకము మూసివేయుట పరిపాటి. ఆ సూత్రమునకు పేరిచ్చిన వాని జీవితము మాత్రము పాఠములో కనిపించదు. సత్యమును కనుగొనుట ఒక ఎత్తు, దానిని లోకమునకు అప్పగించుట మరియొక ఎత్తు అని తెలుపు జీవితమది.

రాబర్టు హుక్ 1635 జూలై 18వ తేదీన, ఇంగ్లండు దక్షిణ తీరమునకు ఎదుటనున్న వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్ గ్రామమున జన్మించినాడు. తండ్రి అక్కడి చర్చిలో మతాచార్యుడు. బాల్యమునుండి రోగిష్టి అయిన హుక్‌కు చేతిపనులపై మక్కువ. విప్పిన పాత ఇత్తడి గడియారమును చూచి, కొయ్యతో అటువంటిదే చేసి నడిపించినాడట. 1648లో తండ్రి మరణించగా, పదమూడేండ్ల ప్రాయమున లండను చేరి, పీటర్ లీలీ అను చిత్రకారుని వద్ద కొలదికాలము ఉన్నాడు. పిదప వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చేరినాడు. ప్రధానోపాధ్యాయుడు రిచర్డు బస్బీ అతని ప్రజ్ఞను గుర్తించి, తన ఇంటనే ఉంచుకొని చదివించినాడు. యూక్లిడు రేఖాగణితములోని మొదటి ఆరు భాగములను హుక్ ఒక్క వారములో సాధించెనని సమకాలికులు చెప్పుకొన్నారు.

1653లో ఆక్స్‌ఫర్డు చేరిన హుక్, రాబర్టు బాయిల్ అను శాస్త్రజ్ఞునికి సహాయకుడై గాలిపంపును నిర్మించి ఇచ్చినాడు. నొక్కిన గాలి తిరిగి ఎగదన్నునని, అందును స్ప్రింగు గుణము కలదని బాయిల్ ఆ పంపుతోనే నిరూపించినాడు. 1662లో రాయల్ సొసైటీ హుక్‌ను ప్రయోగాధికారిగా నియమించినది. వారము వారము సభలో మూడు నాలుగు ప్రయోగములు చేసి చూపుట అతని విధి. 1665లో ప్రకటించిన 'మైక్రోగ్రాఫియా' గ్రంథములో, సూక్ష్మదర్శినితో బెండు ముక్కయందు చూచిన చిన్న గదులకు అతడు పెట్టిన పేరే నేటి జీవశాస్త్రమున కణమునకు నిలిచినది.

స్ప్రింగు రహస్యము అతనికి 1660 ప్రాంతముననే తెలిసినది. స్ప్రింగుతో నడుమ తప్పని గడియారము చేయవచ్చునని తోచి, హక్కుపత్రము కొరకు పెద్దలతో మంతనములు సాగించినాడు; షరతులు నచ్చక విరమించినాడు. పదునైదేండ్లు గడచినవి. 1675లో హాలండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ చుట్టస్ప్రింగు గడియారమును ప్రకటించగా, అది తనదేనని హుక్ వాదించినాడు. చేతిలో అచ్చయిన ఆధారము లేదు. మరుసటి సంవత్సరము తన సూత్రమును పదునాలుగు లాటిన్ అక్షరములుగా విడదీసి, వాటిని అక్షరక్రమమున పేర్చి, ఒక గ్రంథము చివర అచ్చు వేయించినాడు. సొత్తు తనదని తెలియవలెను, సొమ్ము ఎవరికిని దొరకరాదు! 1678లో గాని ఆ ముడి విప్పలేదు. సాగుదల ఎంతయో బలము అంతయని దాని భావము. ఎత్తునుండి వ్రేలాడదీసిన పొడవైన తీగలతోను, చుట్టలు చుట్టిన స్ప్రింగులతోను ఆ మాటను ఋజువు చేసినాడు.

ఇంత చిన్న సూత్రము ఎంత బరువు మోయుచున్నదో పందెపు కారు ఇంజనులో చూడవచ్చును. ఇంజను కవాటమును క్యాము త్రోసి తెరచును. స్ప్రింగు దానిని మూయును. పూర్తిగా తెరచుకొన్న క్షణమున కవాటము జడత్వముచే ఇంకను ముందుకే పోజూచును. దానిని వెనుకకు మరల్చు బలము స్ప్రింగులో ఉండవలెను. కదలు భాగముల ద్రవ్యరాశి 100 గ్రాములు, కవాటము తెరచుకొను దూరము 10 మిల్లీమీటర్లు అనుకొందము. ఇంజను నిమిషమునకు 6,000 మారులు తిరిగిన, క్యాము 3,000 మారులు తిరుగును. క్యాము మూడవవంతు తిరుగులోపల కవాటము లోలకమువలె మెత్తగా తెరచి మూసుకొన్నచో, వలయు బలము సుమారు 444 న్యూటన్లు. స్ప్రింగును ముందే 200 న్యూటన్ల బలముతో నొక్కి బిగించి, ఆపై మిల్లీమీటరుకు 30 చొప్పున పెరుగునట్లు చేసిన, హుక్ సూత్రము ప్రకారము పూర్తి తెరపులో 500 న్యూటన్లు లభించును. కనుక 6,000 వద్ద క్షేమము. కాని వలయు బలము వేగవర్గమును అనుసరించి పెరుగును. సుమారు 6,360 దాటగానే కవాటము క్యామును వదలి ఎగురును. ముషలకము వచ్చి దానిని ఢీకొనవచ్చును. వేగము 12,000 అయినచో నాలుగింతల బలము వలయును.

అట్లని స్ప్రింగును ఎంతైన గట్టిచేయరాదు. స్థితిస్థాపక హద్దు దాటిన లోహము తిరిగి పూర్వరూపమునకు రాదు. పైగా అతివేగమున స్ప్రింగు తానే కంపించి పట్టుతప్పును. అందుచేతనే 1954లో మెర్సిడెస్ పందెపు కారులో కవాటమును మూయుటకును క్యామునే వాడినారు. 1986లో రెనో సంస్థవారు లోహపు స్ప్రింగుకు బదులు నొక్కిన వాయువును నియోగించినారు. హుక్ పంపులో బాయిల్ చూచిన వాయుగుణమే అది!

ఇంతటి మేధావి చివరి దినములు చేదుగా గడచినవి. 1686లో న్యూటన్ 'ప్రిన్సిపియా' సొసైటీకి చేరినపుడు, గురుత్వాకర్షణ దూరవర్గమునకు విలోమముగా తగ్గునను భావము తాను సూచించినదేనని హుక్ పేచీ పెట్టినాడు. గణితముతో నిరూపించినవాడు న్యూటన్. ఆయన ఆగ్రహించి హుక్ ప్రస్తావనలను చాలవరకు తొలగించినాడు. 2006లో బయటపడిన హుక్ వ్రాతప్రతిలో, సొసైటీ పాత కార్యక్రమ వివరములను అతడు తానే ఎత్తి వ్రాసుకొని, వాటి అంచులలో వ్యాఖ్యలు చేర్చిన పుటలు ఉన్నవి. తన సొత్తునకు సాక్ష్యము వెదకికొనుటలో అంత కాలము వ్యయమైనది. 1703 మార్చి 3వ తేదీన గ్రెషామ్ కళాశాలలోని తన గదులలో అతడు కన్నుమూసినాడు. పేదవానివలె బ్రతికిన అతని ఇనుప పెట్టెలో వేల పౌనులు దొరికినవి. నిశ్చయముగా అతనిదని చెప్పదగిన చిత్తరువు ఒక్కటియు మిగులలేదు.

బలమును కొలుచు ప్రమాణమునకు న్యూటన్ పేరు, స్ప్రింగు బలమును లెక్కించు సూత్రమునకు హుక్ పేరు నిలిచినవి. కవాటపు స్ప్రింగు లెక్కలో ఆ ఇద్దరి పేర్లును ఒకే పంక్తిలో కూడియుండును. పెట్టెలో దాచిన ధనమువలె సూత్రమును కూడ పదునాలుగు అక్షరములలోనే వదలియున్నచో, ఆ పంక్తిలో హుక్ పేరు ఉండెడిది కాదు. 1678లో ముడి విప్పి, తీగలు వ్రేలాడదీసి, ఎవరైనను చేసి చూచుకొనునట్లు వివరించినందుననే అతడు నేటికిని మన తరగతి గదిలో ఉన్నాడు.