నేలక్రింద దాచబడిన విత్తనము

చదువవలసిన భాగములు: దానియేలు 1వ అధ్యాయము, యోహాను 12:24



బబులోను రాజు చెరపట్టుకొనిపోయిన నలుగురు యౌవనులకు అచ్చట మొదట జరిగినదేమి? వారి పేళ్లు మార్చబడెను. ఒక జనమును అణచదలచినవారు మొదట దాని పేరును, తరువాత దాని భాషను, కడపట దాని కుమారులను అడుగుదురు. గత శతాబ్దములో కొరియా జనులకు ఇదే సంభవించెను. వారిలో ఒక విశ్వాసి జీవితమును ఈ నెల ధ్యానింతము.

యున్ డాంగ్ జూ 1917వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన మంచూరియాలోని మింగ్‌డాంగ్ అను పల్లెలో జన్మించెను. అది చైనా దేశపు నేల. ఆ ప్రాంతపు కొరియావారు కొందరు ఆకలికి తాళలేకయు, కొందరు 1910లో తమ దేశమును ఆక్రమించిన జపాను ప్రభుత్వమునకు తాళలేకయు, నది దాటి వచ్చి పరదేశులుగా సేద్యము చేసికొనుచుండిరి. ఆ పల్లెలో గుడియు బడియు నుండెను. అతని తాత ప్రెస్బిటేరియను సంఘపు పెద్ద. అదే యింట అదే యేట పుట్టిన మేనత్త కుమారుడు సాంగ్ మాంగ్ గ్యూ అతనికి ప్రాణస్నేహితుడు.

1931లో జపాను సైన్యము మంచూరియాను కూడ పట్టుకొనెను. 1935లో డాంగ్ జూ ప్యాంగ్యాంగులోని సూంగ్‌సిల్ మిషను పాఠశాలలో చేరెను. విద్యార్థులు జపాను దేవస్థానములలో మ్రొక్కవలెనని అధికారులు ఆజ్ఞాపించిరి. ఒప్పుకొనని మిషనరీ ప్రధానోపాధ్యాయుని పదవినుండి తొలగించిరి. 1936లో డాంగ్ జూ ఆ పాఠశాలను విడిచి యింటికి పోయెను.

1938లో అతడు సియోలులో మిషనరీలు స్థాపించిన యాన్‌హీ కళాశాలలో చేరెను. ఆ దినములలో బడులలో కొరియా భాషకు చోటు తగ్గిపోవుచుండెను. 1940 నుండి జపాను పేళ్లు పెట్టుకొనవలెనని జనులను ఒత్తిడి చేసిరి. డాంగ్ జూ మాత్రము మాతృభాషలోనే పద్యములు వ్రాయుచుండెను. 1941లో వాటిని అచ్చువేయింపగోరగా, అది అపాయకరమని అధ్యాపకుడొకరు వారించెను. కావున అతడు 3 ప్రతులు చేతితో వ్రాసి, ఒకటి తనయొద్ద నుంచుకొని, ఒకటి ఆ అధ్యాపకునికిని, ఒకటి జాంగ్ బ్యాంగ్ ఉక్ అను స్నేహితునికిని ఇచ్చెను.

జపానులో పై చదువు చదువవలెనన్న జపాను పేరు కావలసియుండెను. 1942 జనవరిలో అతడు తానే పోయి హిరనుమ అను ఇంటిపేరు వ్రాయించుకొనెను. దానియేలునకు పేరు ఇతరులు పెట్టిరి. ఇతడు తానే అడిగి పుచ్చుకొనెను. ఆ భేదమును అతడెరుగును. అందుకు 5 దినములు ముందే తన సిగ్గును ఒప్పుకొనుచు ఒక పద్యము వ్రాసెను. ప్రియులారా, అతడు లోపము లేనివాడని మనము చెప్పము. లోపమును కప్పుకొననివాడని చెప్పుదుము.

తరువాత రిక్యో, డోషిషా అను క్రైస్తవ విశ్వవిద్యాలయములలో చదివెను. ఆ యేటనే కొరియా యువకులను నిర్బంధముగా సైన్యములో చేర్చబోవుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించెను. క్యోటో నగరములో అతడును మాంగ్ గ్యూయును ఈ నిర్బంధమును గూర్చియు, తమ జనుల భవిష్యత్తును గూర్చియు మాటలాడుకొనిరి. పోలీసులు వారిని కనిపెట్టుచుండిరి. 1943 జూలై 14న, సెలవులకు ఇంటికి పోవ సిద్ధపడియుండగా, డాంగ్ జూను పట్టుకొనిరి. మరుసటి యేట న్యాయస్థానము 2 సంవత్సరముల శిక్ష విధించెను.

1945 ఫిబ్రవరి 16న అతడు ఫుకువోకా చెరసాలలో మరణించెను. వయస్సు 27 ఏండ్లు. తండ్రి సముద్రము దాటి వచ్చి, కుమారుని చితాభస్మమును ఇంటికి తీసికొనిపోయెను. మార్చి నెలలో మాంగ్ గ్యూయు అదే చెరసాలలో మరణించెను. ఆగస్టు 15న కొరియాకు విడుదల కలిగెను.

ఆ 3 ప్రతులలో రెండు మరల దొరకలేదు. మూడవది ఏమాయెను? 1944 జనవరిలో బ్యాంగ్ ఉక్‌ను బలవంతముగా సైన్యమునకు తీసికొనిపోయిరి. పోవునప్పుడు అతడు ఆ వ్రాతప్రతిని తన తల్లికి అప్పగించెను. ఆమె దానిని ఇంటి నేలపలకల క్రింద దాచెను. అది బయటపడినయెడల ఆ యింటికి ముప్పే. కుమారుడు బ్రదికి తిరిగివచ్చెను. ప్రతియు చెడక నిలిచెను. 1948లో 31 పద్యములు పుస్తకముగా వెలువడెను. 1995లో డోషిషా విశ్వవిద్యాలయపు ఆవరణములోనే అతని పేర, అతని సొంత పేర, జ్ఞాపకశిల నిలువబెట్టబడెను.

గోధుమగింజ భూమిలో పడి చచ్చినగాని ఫలింపదని మన ప్రభువు బోధించెను. విత్తువాడు ఒకడు, దాచువారు వేరొకరు. ఆ తల్లి పద్యము వ్రాయలేదు, ఉపన్యాసము చేయలేదు. తన చేతికి వచ్చినదానిని నమ్మకముగా కాపాడెను. మన పల్లె సంఘములలో అట్టి తల్లులు అనేకులు గలరు. భయముచేత మనము ఒప్పుకొనిన దేదైన నున్నదా? దానిని నేడు ప్రభువు ఎదుట ఒప్పుకొందము. మనకు అప్పగింపబడినది చిన్నదైనను భద్రము చేయుదము.

ప్రార్థన: పేరుపెట్టి మమ్మును పిలుచు తండ్రీ, మా సిగ్గును దాచుకొనక నీయొద్దకు తెచ్చు ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.