ఆంధ్రకేసరి విద్యార్థి దశ

మన సంఘ వార్షిక మహాసభల సందర్భమున వెలువడు నీ సంచికయందు ఉన్నత పాఠశాలా విద్యార్థుల కుపకరించు జీవిత మొకటి వ్రాయవలయునని తలంచి, మేము ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి బాల్యమును ఎన్నుకొంటిమి. వారి రాజకీయ చరిత్రము లోకవిదితము. ఆ మహావృక్షమునకు విత్తు పడిన చోటు ఒంగోలులోని యొక పూటకూటి యిల్లని మాత్రము మన బాలురలో పలువు రెరుగరు.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమున గోపాలకృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. సుబ్బమ్మగారు బిడ్డలతో ఒంగోలు చేరి, పూటకూళ్లు పెట్టి సంసార మీడ్చిరి. ఊరివారికి వేళకు అన్నము పెట్టు నా తల్లికి ఆనాటి సంఘమున గౌరవము లేదు. ప్లీడర్లకో, పోయిన చోటనెల్ల గౌరవమే. ఈ భేదము బాలుని మనస్సును గాఢముగా కలచెను. ఎప్పటికైన తాను ప్లీడరు కావలయునని ఆనాడే నిశ్చయించుకొనెను.

అయినను నిశ్చయము వేరు, నడత వేరు. నాటకములపై మోజు, వేషములు, అల్లరి సహవాసములు చదువును కుంటుపరచినవి. పెద్దల బాల్యమున లోపమే లేనట్లు వ్రాయుట మాకు సమ్మతము కాదు. పంతులుగారే తమ స్వీయచరిత్రయందు ఈ సంగతులను దాచలేదు. పరీక్షకు కట్టవలసిన 3 రూపాయలు ఇంట లేనప్పుడు తల్లి తన పట్టుబట్టను కుదువబెట్టి ఆ సొమ్ము సమకూర్చెను. ఆశయము బాలునిది, దాని వెల చెల్లించినది తల్లి.

ఆ వెల చెల్లించుటలో తల్లికి తోడైనవారు మిషను పాఠశాలలోని ఉపాధ్యాయులు ఇమ్మనేని హనుమంతరావునాయుడుగారు. జీతము లేకుండ బాలుని బడిలో చేర్చిరి. నాటకములయందు ఆయనయే ప్రకాశమునకు గురువు. కావున శిష్యుని ఉబలాటమును తెగడక, దానిని చేరదీసియే చదువువైపు మరల్చిరి. 1890లో తాము రాజమహేంద్రవరమునకు తరలిపోవుచు శిష్యుని వెంటగొనిపోయి ఎఫ్.ఏ. చదివించిరి. పిమ్మట న్యాయశాస్త్రమునకై మద్రాసు పంపిరి. ఆయన బంధువు కాడు, స్వకులజుడును కాడు.

ఈ విధమున ప్రకాశముగారు రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున పేరుగాంచిరి. చిన్ననాటి కోరిక తీరెను. అక్కడితో ఆగియుండినచో వారిని తప్పుపట్టువా రుండరు. కాని రెండవ తరగతి ప్లీడర్లకు పై న్యాయస్థానములందు వాదించు నధికారము లేదు. మద్రాసులో నొక బారిస్టరు వీరి ప్రజ్ఞ గుర్తించి సీమచదువునకు ప్రోత్సహింపగా, గురి మరియొక మెట్టు పైకి జరిపిరి. మద్యమాంసములు ముట్టనని తల్లికి మాటయిచ్చి 1904లో ఇంగ్లండు చేరి, బారిస్టరు పట్టము గొని 1907లో మద్రాసున వృత్తి నారంభించిరి. మిక్కిలి ధనము గడించిరి. 1921లో సహాయనిరాకరణోద్యమమున ఆ వృత్తినే త్యజించిరి. పూటకూటియింటి బిడ్డ 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధానియై, 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20న దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! మీలో ప్రతివాడును గొప్పవాడు కావలెనని కోరుచున్నాడు. గొప్పవాడగుట ఆశయము కాదు, ఆశ. ప్రకాశము కోరినది ప్లీడరు పని. దానికి ముందు ఎఫ్.ఏ., అంతకు ముందు ఎదుటనున్న పరీక్ష, అన్నిటికంటె ముందు 3 రూపాయల రుసుము. మీ కోరికను ఇట్లు మెట్లుగా విభజించి, ఈ సంవత్సరమున ఎక్కవలసిన మెట్టెద్దియో కాగితముపై వ్రాసికొనుడు. నడుమ జారినను మెట్టు అక్కడనే యుండును.

ఇక మహాసభకు విచ్చేసిన పెద్దలకు ఒక విన్నపము. పట్టుబట్టలు కుదువబెట్టు తల్లులు నేడును కలరు. మన సంఘము విద్యార్థి వేతనముల నిచ్చుట మంచిదే. కాని నాయుడుగారు కులము చూచి చేయూత నిచ్చియుండినచో ఆంధ్రదేశమునకు ఆంధ్రకేసరి దక్కియుండునా? మన వాకిట నిలిచిన బాలుడు ఎవరి బిడ్డయని అడుగుటకు ముందు, ఏమి చదువదలచెనో అడుగుదము. ఈ యేడు ప్రతి సభ్యుడును అట్టి యొక్క బాలుని పరీక్ష రుసుము చెల్లించినను ఈ మహాసభ సార్థకమైనదని మేము భావింతుము.