చెల్లెలి జ్ఞాపకం

చెన్నై నగరంలోని అడయారులో క్యాన్సరు రోగుల కోసం ఒక పెద్ద వైద్యశాల ఉంది. ఒక అక్క తన చెల్లెలిని మరచిపోలేకపోవడమే దాని పుట్టుకకు కారణం. ఆ అక్క డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి.

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోటలో జన్మించారు. ఆ కాలంలో ఆడపిల్ల బడికి వెళ్ళడమే వింత. పుదుక్కోట మహారాజా కళాశాలలో ఆమెను చేర్చుకోరాదని కొందరు అడ్డుపడ్డారు. రాజావారి అనుమతితో ఆమె అక్కడ చదివారు. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో డాక్టరు పట్టా పొందారు. 1914లో డాక్టర్ సుందరరెడ్డిని వివాహమాడారు.

వైద్యురాలిగా పేరు తెచ్చుకుంటున్న రోజులలో ఆమె చెల్లెలు జబ్బు పడింది. మొదట అది మామూలు జిగట విరేచనాల వ్యాధి అనుకున్నారు. మందులు వాడినా తగ్గలేదు. అది క్యాన్సరు అని తెలిసేసరికి బాగా ముదిరిపోయింది. రాచపుండు అని పెద్దలు పేరెత్తడానికే జంకే వ్యాధి అది. ముత్తులక్ష్మి దగ్గర ఉండి చెల్లెలికి సేవ చేశారు. ఎందరో స్త్రీలకు, పసిపిల్లలకు ఆరోగ్యం ఇచ్చిన ఆమె, తోడబుట్టినదాని బాధను మాత్రం తగ్గించలేకపోయారు. కళ్ళ ఎదుటే ఆ అమ్మాయి చనిపోయింది.

ఇతరులైతే విధి అని సరిపెట్టుకోవచ్చు. వైద్యురాలికి ఆ వీలు ఎక్కడిది? ముందే తెలిసి ఉంటే బ్రతికేదేమో అన్న ప్రశ్న ఆమెను వదలదు కదా!

1925లో ముత్తులక్ష్మి పైచదువుకు ఇంగ్లండు వెళ్ళారు. తిరిగి వచ్చాక మద్రాసు శాసనమండలిలో సభ్యురాలై, ఉపాధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. దేవదాసీ ఆచారాన్ని, బాల్యవివాహాలను ఎదిరించారు. దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై ఇల్లం స్థాపించారు. ఇన్ని పనుల నడుమ కూడా చెల్లెలి మరణం ఆమె మనసులోనుంచి పోలేదు. క్యాన్సరుకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కావాలని కనబడినవారినల్లా అడిగారు. ఆ జబ్బు వచ్చినవారు ఎలాగూ బ్రతకరు, వారికి ఆసుపత్రి దేనికని తీసిపారేసినవారే ఎక్కువ. చెల్లెలిని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. అయినా ఆమె అడగడం మానలేదు. భారత మహిళా సంఘం స్త్రీలు ఆమెకు తోడుగా నిలిచి విరాళాలు పోగుచేశారు.

1952లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. 1954 జూన్ 18న పన్నెండు పడకలతో ఆసుపత్రి మొదలైంది. అప్పటికి ముత్తులక్ష్మికి 67 ఏళ్ళు. చెల్లెలు పోయి దాదాపు ముప్పై ఏళ్ళు. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి ఆసుపత్రి భారం తీసుకున్నారు. మరుసటి ఏడు డాక్టర్ శాంత వచ్చి చేరారు.

1968 జూలై 22న ముత్తులక్ష్మి కన్నుమూశారు. వ్యాధి ముదరకముందే కనిపెట్టాలని ఆ సంస్థ వైద్యులు తరువాతి కాలంలో పల్లెలకు వెళ్ళి, ఏ బాధా లేని స్త్రీలకు కూడా పరీక్షలు జరిపారు.