ద్వారం వేంకటస్వామినాయుడుగారు

సంగీతపరీక్షలో వాయించి చూపవలసిన దినము సమీపించినకొలది మన విద్యార్థులకు చేతులు వణకుచుండును. అట్టివారు ఫిడేలు విద్వాంసులగు నాయుడుగారి చరిత్రము వినవలెను. వీరు 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందగించుటచే పాఠశాలలో చదువు సాగలేదు. ఇంటనే అన్నగారగు వేంకటకృష్ణయ్యగారియొద్ద ఫిడేలభ్యసించి, కన్నులకన్న చెవులనే నమ్ముకొని సాధన చేసిరి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాల వెలసెను. నాయుడుగారు శిష్యులుగా చేరగోరి యచటికేగిరి. అధ్యక్షులగు ఆదిభట్ల నారాయణదాసుగారు వారిచే వాయింపించి విని, వీరు కూర్చుండవలసినది శిష్యులలో కాదని తలంచి, ఆచార్యపదవినే యొసంగిరి. ప్రవేశపరీక్షకు పోయినవారు పరీక్షకులై నిలుచుట యెంత యరుదు! అన్నగారి యింట గడచిన యేండ్లే వారికానాడు తోడైనవి.

1936లో ఆ కళాశాలకే యధ్యక్షులై, 1964లో దివంగతులైరి.