శ్రీ ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి

బాలల పుస్తకమునందు బొమ్మ కొంచెము చెడినను పిల్లలకేమి తెలియునని తలంచువారు పెక్కురు గలరు. అట్టి తలంపును జీవితాంతము ఎదిరించిన మహనీయులు వంగదేశీయులగు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి గారు.

వీరు 1863వ సంవత్సరము మే నెలలో, నేడు బంగ్లాదేశ్ నందున్న మైమన్‌సింగ్ ప్రాంతమున మసూవా గ్రామమందు జన్మించిరి. తలిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. సుమారు ఐదవయేట, బంధువగు జమీందారు హరికిశోర్ గారు దత్తత గైకొని ఈ పేరు పెట్టిరి. విద్యకై కలకత్తా చేరి బ్రహ్మసమాజమున ప్రవేశించిరి. చిత్రలేఖనమన్నను, ఫిడేలు వాద్యమన్నను వీరికి ప్రాణము.

వీరు పిల్లలకై రామాయణ కథను వ్రాసి, బొమ్మలను తామే గీసిరి. ఆ దినములలో బొమ్మ అచ్చు కావలెనన్న, పనివాడు దానిని కొయ్యబ్లాకుపై చెక్కవలసియుండెను. గీసిన చేయి వేఱు, చెక్కిన చేయి వేఱు. పుస్తకము వెలువడునప్పటికి బొమ్మలు రూపు చెడియుండెను. మఱియొకరైనచో పనివానిని నిందించి యూరకుండెడివారు. వీరు ఆ విద్యనే నేర్వ సంకల్పించిరి.

1895 ప్రాంతమున సొంత ధనము వెచ్చించి, ఇంగ్లండునుండి కెమెరాను, తదితర పరికరములను తెప్పించి, హాఫ్‌టోన్ బ్లాకుల తయారీకి పూనుకొనిరి. అడ్డముగను నిలువుగను సన్నని గీతలు గల గాజుతెర ద్వారా చిత్రమును ఫోటో తీసినచో, అది చుక్కలుగా విడిపోవును. చుక్కలు పెద్దవైనచోట అచ్చు నల్లగను, చిన్నవైనచోట తేలికగను కన్పట్టును. తెరకును ఫోటోపలకకును నడుమ దూరమెంత యుండవలెను, కెమెరా కటకపు రంధ్రమెట్లుండవలెను అను సమస్యలను వీరు గణితముతో శోధించిరి. విదేశమున కేగి చదువకయే ఇంత సాధించిన వీరి వ్యాసములను లండనులోని పెన్‌రోజ్ వార్షిక సంచిక ప్రకటించెను. కుమారుడగు సుకుమార్‌ను మాత్రము 1911లో ముద్రణ విద్యకై ఇంగ్లండు పంపిరి.

1910లో వీరి ‘టున్‌టునీర్ బొయి’ వెలువడెను. ఆకులు కుట్టి గూడు కట్టుకొను చిన్న పిట్ట పేర వెలసిన ఈ పుస్తకమున పిల్లి, పులి, మొసలి, పండితుడైన నక్క కన్పట్టును. సంధ్యవేళ అన్నము తినకుండ నిదురపోవు పిల్లలను మేలుకొలుపుటకు తూర్పు వంగమందలి స్త్రీలు చెప్పెడి కథలివి. మన యిండ్లలోను అమ్మమ్మలు చేయు పని యిదియే గదా! బొమ్మలును వీరు గీసినవే.

1913లో ‘సందేశ్’ అను బాలల మాసపత్రికను స్థాపించిరి. వంగభాషలో ఆ పదమునకు వార్త యనియు, మిఠాయి యనియు రెండర్థములు గలవు. రచన, చిత్రము, బ్లాకు, ముద్రణ యన్నియు వీరి పర్యవేక్షణముననే జరిగెను. పాటగాడు గూపీ, డోలుగాడు బాఘాల కథ అందు ప్రకటితమైనదే. 1915 డిసెంబరు 20వ తేదీన, ఏబదిరెండేండ్ల వయస్సున, వీరు దివంగతులైరి.

తాతగారిని చూడని మనుమడు సత్యజిత్ రాయ్ 1961లో, ఆగిపోయిన ‘సందేశ్’ను మిత్రునితో కలిసి పునరుద్ధరించి, 1969లో గూపీ బాఘాల కథను చలనచిత్రముగ నిర్మించెను.

మన గ్రంథాలయమునకు బాలల పుస్తకములు కొనునపుడు వెల యొక్కటియే చూడక, బొమ్మ స్పష్టముగనున్నదా, అక్షరము కంటికింపుగనున్నదా యని తెఱచి చూచుట మన విధి. పసివాడు మొదట చదువునది బొమ్మనే.